వెలి, వెట్టి, సేవ: ఆర్మూరు - ఇందూరు ప్రాంతంలో దయకు ఒక చరిత్ర

వ్యాససంగ్రహం:
దైనందిన జీవితంలోని చిన్న చిన్న దయాకార్యాలు, సేవ సమాజంలోని గాయాలను మాన్పగలవా అన్న ప్రశ్నను ఈ వ్యాసం ఆర్మూరు - ఇందూరు (నిజామాబాద్) ప్రాంత చరిత్ర ఆధారంగా పరిశీలిస్తుంది. 1915లో డిచ్‌పల్లిలో ఏర్పడిన కుష్ఠు ఆసుపత్రి ఇందులో ప్రధానాంశం. నిజాం కాలంలోని వెట్టిచాకిరి, నిజామాబాద్ జైలులో రాజకీయఖైదీల సాహచర్యం, నేటి పసుపు గ్రామాల్లోని గ్రామాభివృద్ధి కమిటీలు దానికి తోడుగా చర్చకు వస్తాయి. సేవకు ఎదురుగా ఉన్న భావన స్వార్థం అని సాధారణంగా అనుకుంటాం. ఈ ప్రాంత చరిత్రలో దానికి ఎదురుగా నిలిచింది ‘వెలి’ అన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: ఆర్మూరు, డిచ్‌పల్లి, కుష్ఠు, వెలి, వెట్టిచాకిరి, సేవ, గ్రామాభివృద్ధి కమిటీ, పసుపు.

1. ఉపోద్ఘాతం

ఆర్మూరు పట్టణానికి నవనాథ సిద్ధుల గుట్ట గుర్తు. ఆరు, మూడు కలిస్తే తొమ్మిది కాబట్టి నవనాథుల పేరుమీదనే ఊరికి ఆర్మూరు అనే పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. ఈ వ్యుత్పత్తి భాషాశాస్త్రానికి నిలుస్తుందా లేదా అన్నది వేరే చర్చ. సిద్ధులు ఊరిని విడిచి గుట్టమీద బతికినవారు, ఊరివాళ్లు గుట్ట ఎక్కి వారిని దర్శించుకున్నారు అన్నది ఆ కథ సారాంశం. ఊరి వెలుపల ఉన్నవాడు పూజ్యుడు కావడం ఇక్కడ కనిపిస్తుంది. అదే ఊరిలో, అదే కాలంలో, ఊరి వెలుపలికి నెట్టబడినవాడు అంటరానివాడు కూడా అయ్యాడు. కొందరు తమంతట తాము వెలుపలికి పోయారు, మరికొందరిని ఊరే పంపింది. ఈ వ్యాసం రెండో రకం మనుషుల గురించి, వారి దగ్గరికి నడిచి వెళ్లినవారి గురించి.

సమాజసేవ మీద తెలుగులో వచ్చిన రచనలు ఎక్కువగా మహనీయుల జీవితచరిత్రల రూపంలో ఉన్నాయి. ఒక దాత, ఒక సంస్థ, ఒక విగ్రహం అన్న క్రమంలో అవి నడుస్తాయి. ఆ పద్ధతిలో రోజువారీ పని కనబడదు. పుండు కడిగినవారు, మందు సూదిని వారం వారం ఓపికగా వేసినవారు, వాన ముసురుకుంటే పక్కవాడి కళ్లంలోని పంటమీద టార్పాలిన్ కప్పినవారు చరిత్రకు ఆధారాలను వదిలిపోలేదు. అయినా సమాజం నిలబడింది ఎక్కువగా ఆ పనుల మీదనే. అందువల్ల ఇక్కడ వ్యక్తులకంటే పనుల స్వభావం మీద దృష్టి పెట్టాను.

2. మాటల్లో మిగిలిన చరిత్ర

సేవను సూచించే తెలుగు మాటలను ఒకచోట చేరిస్తే ఒక సామాజిక చిత్రం ఏర్పడుతుంది. ‘వెట్టి’ సంస్కృత ‘విష్టి’ నుంచి వచ్చింది. రాజుకు, అధికారికి కూలి లేకుండా చేసే పని అని దాని అర్థం. ‘చాకిరి’ ఫారసీ ‘చాకరీ’ నుంచి వచ్చింది. ఈ రెండూ కలిసి ‘వెట్టిచాకిరి’ అయ్యాయి. రెండు భాషల నుంచి, రెండు పాలనాసంప్రదాయాల నుంచి వచ్చిన మాటలు ఒకే మనిషి వీపుమీద ఒకే బరువుగా మారడం యాదృచ్ఛికం అనిపించదు. ‘ఊడిగం’ మన దేశిపదమే, అయినా దానిలోనూ దాస్యపు వాసన ఉంది. ‘సేవ’ అన్న మాట దేవునికి, గురువుకు, రాజుకు చేసే పనికి వాడుకలో ఉండేది. తోటి మనిషికి, అందులోనూ తనకంటే కింద ఉన్నాడని లోకం అనుకునే మనిషికి చేసే పనిని సేవ అనడం ఆధునిక కాలపు అర్థవిస్తరణ. ఈ మార్పు నిఘంటువులో ఒక్క పంక్తిలో కనబడుతుంది కానీ సమాజంలో అది అంత సులభంగా జరగలేదు.

నిజాం రాజ్యంలోని తెలంగాణ గ్రామాల్లో సేవ అంటే ముందుగా వెట్టి. దేశ్‌ముఖులకు, పర్యటనకు వచ్చిన అధికారులకు కుమ్మరి కుండలు ఇవ్వాలి, చాకలి బట్టలు ఉతకాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, గౌడు కల్లు పొయ్యాలి, మరొకరు మూటలు మోయాలి. 1921 నవంబరు 12న హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం తన తొలి కార్యక్రమాల్లో గ్రంథాలయాలతోపాటు వెట్టి వ్యతిరేక ప్రచారాన్నీ చేర్చుకుంది. మాడపాటి హనుమంతరావు ఆ కృషికి కేంద్రంగా నిలిచారు. ఆంధ్రమహాసభగా మారిన తర్వాత ఆరవ మహాసభ 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వెట్టి చేసేవాడు అణచబడ్డవాడే అయినా ఊరికి అవసరమైనవాడు. అతడు లేకపోతే దొర గడి నడవదు. కుష్ఠు సోకిన మనిషికి ఆ అవసరం కూడా లేకుండా పోయింది. అతని చేతి కుండ ఎవరికీ వద్దు, అతని చేతి కల్లు ఎవరూ తాగరు. వెట్టికి కూడా పనికిరానివాడిగా అతడు మిగిలాడు. సామాజిక నిచ్చెనలో అట్టడుగు మెట్టు గురించి మనం చాలా రాశాం. నిచ్చెన నుంచే దించివేయబడినవారి గురించి తక్కువ రాశాం.

‘వెలి’ అనే మాట వెలుపల అనే అర్థంలోని ద్రావిడ ధాతువుకు చెందినది. దిక్కును, స్థానాన్ని సూచించే ఒక సాధారణ పదం మన భాషలో శిక్షగా మారింది. ‘వెలివేయు’ అంటే బయట ఉంచడం. కొట్టడం లేదు, చంపడం లేదు. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పలకరించరు. శిక్ష వేసేవారు ఏ పనీ చేయనక్కర లేదు, చేస్తున్న చిన్న పనులను మానితే చాలు. దైనందిన దయ ఎంత విలువైనదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలమానం లేదు. అది ఆగిపోతే మనిషి బతకలేడని వెలి వేసిన ప్రతి ఊరికీ తెలుసు.

3. డిచ్‌పల్లి

ఆర్మూరుకు దక్షిణంగా, హైదరాబాదు - నాగపూర్ రహదారిమీద డిచ్‌పల్లి ఉంది. నేడు తెలంగాణ విశ్వవిద్యాలయం అక్కడ ఉండటంతో ఆ పేరు విద్యార్థులకు సుపరిచితం. విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. అంతకు దశాబ్దాల ముందే ఆ ఊరిపేరు ప్రపంచ వైద్యపత్రికల్లోకి ఎక్కింది.

స్కాట్లండుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్ అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్యపట్టం పొందింది. వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. నిజామాబాదులో సాధారణ వైద్యం చేస్తున్న వారిదగ్గరికి కుష్ఠురోగులు రావడం మొదలైంది. వారిని ఇతర రోగులతోపాటు ఉంచే వీలు లేదు, పంపేద్దామంటే పోవడానికి చోటు లేదు. మొదట చిన్న వసతి ఏర్పాటు చేశారు. అది చాలలేదు. స్థానిక దాత రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం తోడై 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి ఏర్పడింది.

ఆ కాలపు వైద్యపరిస్థితి తెలిస్తేగాని ఈ పని స్వభావం అర్థం కాదు. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. అంటే రోగం పాపఫలం కాదని, శాపం కాదని అప్పటికే తేలింది. మందు మాత్రం దొరకలేదు. మన పురాణాల్లో సాంబుడు కృష్ణుని శాపంవల్ల కుష్ఠు పొంది సూర్యారాధనతో బయటపడ్డాడు. సంస్కృత కవి మయూరుని గురించీ అటువంటి ఐతిహ్యమే ఉంది. ఈ కథల్లో రోగం దైవాగ్రహంతో వచ్చింది, దైవానుగ్రహంతో పోయింది. నడుమ మనిషి చేయగలిగింది స్తుతి ఒక్కటే. ఈ ఊహ కథల్లో ఉన్నంతకాలం బాధలేదు. ఊళ్లోకి దిగినప్పుడు రోగి దోషి అవుతాడు.

చాల్‌మూగ్రా, హిడ్నోకార్పస్ జాతుల గింజల నూనె మనదేశపు పాత మందు. నోటిద్వారా తీసుకుంటే కడుపులో తిప్పేది, వాంతులయ్యేవి. కలకత్తాలో లెనార్డ్ రోజర్స్, తర్వాత ఎర్నెస్ట్ మ్యూర్ దానిని సూదిమందుగా మలిచే ప్రయోగాలు చేశారు. డిచ్‌పల్లిలో ఆ పద్ధతిని విస్తృతంగా అనుసరించారు. సూదిమందు అంటే ఒక్కసారి పొడిచి పంపడం కాదు. నెలల తరబడి, చాలామందికి సంవత్సరాల తరబడి, మళ్లీమళ్లీ వేయాలి. నొప్పి ఎక్కువ, ఫలితం నెమ్మది, కొందరికి ఫలితమే ఉండదు. స్పర్శజ్ఞానం లేని కాళ్లకు తెలియకుండానే పుళ్లు పడతాయి. వాటిని రోజూ కడిగి కట్టు కట్టాలి. కడిగిన పుండు మరుసటి వారం మళ్లీ తెరుచుకుంటుంది. వీరగాథకు అవసరమైన ఘట్టం ఒక్కటీ ఈ పనిలో లేదు.

ఇసబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. పతకం ఆమెకు వచ్చింది, అది న్యాయమే. కుష్ఠు చికిత్సాలయాల్లో సాధారణంగా కట్లు కట్టడం, వంట, తోటపని, కట్టడపు పని వంటివాటిలో రోగులే పాలుపంచుకునేవారు. నయమవుతున్నవాడు కొత్తగా వచ్చినవాడి పుండు కడిగాడు. ఊరు ఎవరి చేతినుంచి నీళ్లు తీసుకోలేదో ఆ చేయి మరొకరికి కావలసినదైంది. నా దృష్టిలో డిచ్‌పల్లి వంటి స్థలాల చారిత్రక ప్రాధాన్యం ఇక్కడ ఉంది. మందు రోగాన్ని తగ్గించింది, మనిషిని మళ్లీ ‘అవసరమైనవాడు’గా చేసింది మాత్రం పని.

ఈ ఆసుపత్రిలో పనిచేసిన వైద్యుల్లో జాన్ లో ఒకరు. ఆయన తర్వాత కలకత్తాలో పరిశోధన చేసి, నైజీరియాలోని ఉజువాకోలిలో డాప్సోన్ మందును నోటిద్వారా తక్కువ మోతాదులో ఇచ్చే పద్ధతిని 1940ల చివర్లో స్థిరపరచినవారిలో ముఖ్యుడు. మాత్ర రూపంలో వచ్చిన ఆ చవకమందు లక్షలమందికి చేరింది. ఇందూరు పల్లెల రోగులను చూసిన కళ్లు ఆఫ్రికాలో కొత్త చికిత్సకు తోడ్పడటం మన ప్రాంతీయచరిత్ర పుస్తకాల్లో చోటు చేసుకోవలసిన విషయం.

4. దానం, స్పర్శ, వాటి హద్దులు

మిషనరీల సేవను స్తుతిగా మాత్రమే చదవడం సరికాదు. మతప్రచారం వారి లక్ష్యాల్లో ఒకటని వారే దాచలేదు. వలసపాలన ఇచ్చిన ప్రతిష్ఠ, నిధులు, రక్షణ వారికి అండగా ఉన్నాయి. ఇంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. కుష్ఠు ఆసుపత్రిని ఊరికి దూరంగా కట్టారు. చికిత్సకోసం చేసిన ఆ ఏర్పాటు ఊరికి చాలా సౌకర్యంగా అమరింది. వెలివేయవలసిన మనిషిని పంపడానికి ఒక గౌరవప్రదమైన చిరునామా దొరికింది. దేశంలో పలుచోట్ల కుష్ఠు ఆశ్రమాల చుట్టూ కాలనీలు పెరిగాయి. రోగం నయమైనా ఇంటికి పోలేనివారు అక్కడే పెళ్లిళ్లు చేసుకుని పిల్లలను కన్నారు. ఆరోగ్యవంతులైన ఆ పిల్లలకూ కాలనీ పేరు అంటుకుంది. సేవ వెలిని ఓడించిందా, వెలికి పక్కా భవనం కట్టించిందా అని అడిగితే రెండూ అని చెప్పాలి.

గాంధీ ఈ సమస్యను వేరేవైపు నుంచి తాకారు. సేవాగ్రామ్‌లో సంస్కృత పండితుడైన పర్చూరే శాస్త్రిని తన కుటీరానికి దగ్గరలోనే ఉంచుకుని స్వయంగా ఒళ్లు మర్దనా చేశారు. నిర్మాణకార్యక్రమంలో కుష్ఠురోగుల సేవను చేర్చారు. రోగిని బయటికి పంపకుండా ఆశ్రమం నడిబొడ్డున ఉంచడం ఆ పనిలోని విశేషం. ఆర్మూరు మీదుగా ఉత్తరానికి పోయే రహదారికి మరీ దూరం కాని వరోరా దగ్గర బాబా ఆమ్టే 1949లో స్థాపించిన మహారోగి సేవాసమితి ఆనందవన్‌ను పెంచింది. అక్కడ భిక్షకు బదులు శ్రమను పునాది చేశారు.

రాజా నర్సాగౌడ్ దానం గురించి మరొక మాట చెప్పాలి. పేరునుబట్టి ఆయన గౌడ సామాజికవర్గానికి చెందినవాడు. వెట్టి జాబితాలో కల్లు పొయ్యవలసిన కులం అది. ఆ కులం నుంచి ఎదిగిన సంపన్నుడు, ఏ జాబితాలోనూ లేని మనుషులకోసం, పరాయి దేశపు వైద్యురాలి చేతిలో ధనం పెట్టాడు. మన సాహిత్యం దానగుణానికి ఉదాహరణలు చెప్పేటప్పుడు శిబిచక్రవర్తి దగ్గర, కర్ణుడి దగ్గర ఆగిపోతుంది. ఇందూరు ఉదాహరణ మనకు చాలా దగ్గరలో ఉంది, ఎక్కువ నమ్మదగినది కూడా.

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 1980లలో బహుళ ఔషధ చికిత్స రావడంతో రోగి ఇంట్లోనే ఉండి నయం చేసుకునే వీలు కలిగింది. పదివేల జనాభాకు ఒకరికంటే తక్కువ స్థాయికి రోగం తగ్గిందని 2005 డిసెంబరులో దేశం ప్రకటించుకుంది. బ్రిటిష్‌వారి 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019 సవరణ చట్టం తొలగించింది. మందు వచ్చాక చట్టం మారడానికి ముప్పై ఏళ్లు పట్టిందన్నమాట. భాష ఇంకా మారలేదు. ఆ రోగం పేరును తిట్టుగా వాడే అలవాటు మన వాడుకలో, సినిమాల సంభాషణల్లో వినబడుతూనే ఉంది.

5. జైలుగోడ మీద ఒక ఉపకారం

ఇదే ఇందూరులో, కోటలోని జైలులో, మరొక రకమైన వెలుపల ఏర్పడింది. 1948లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ నిర్బంధంలో ఉన్నారు. దాశరథి పద్యాలను బొగ్గుతో గోడమీద రాయడం, జైలు సిబ్బంది వాటిని చెరిపివేయడం, ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేసి నిలపడం తెలుగు సాహిత్య విద్యార్థులకు తెలిసిన సంగతే. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ ఆళ్వారుస్వామికే అంకితమైంది. ఈ ఘట్టాన్ని మనం ధిక్కారానికి ప్రతీకగా బోధిస్తాం. ఒక ఖైదీ మరో ఖైదీ మాటను తన జ్ఞాపకంలో మోయడం అన్న చిన్న ఉపకారంగా కూడా దాన్ని చదవవచ్చు.

1915లో నల్లగొండ ప్రాంతంలోని చెరువు మాదారంలో పుట్టిన ఆళ్వారుస్వామి పరాయి ఇళ్లలో వండిపెడుతూ చదువుకున్నవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలను మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. చాకిరి చేసిన చేతులతోనే సేవ చేశాడు. రెండింటి తేడా ఆయనకు పుస్తకాలు చెప్పనక్కర లేకపోయింది.

6. పసుపు కళ్లం, ఊరి కట్టుబాటు

శ్రీరాంసాగర్ నీళ్లతో, బోర్లతో, విత్తన వ్యాపారంతో ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలు తెలంగాణలో సంపన్న వ్యవసాయానికి పేరుపొందాయి. అంకాపూర్ పేరు తెలియని రైతు అరుదు. పసుపు ఇక్కడి ప్రధాన వాణిజ్యపంట. జూన్‌లో పెట్టిన విత్తనం జనవరి తర్వాత తవ్వకానికి వస్తుంది. తవ్వాలి, కొమ్ము, మండ వేరుచేయాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకుపోవాలి. ఏ దశలోనూ ఒక్క కుటుంబం చేతులు చాలవు. ఎండకు పోసిన పసుపుమీద అకాలవర్షం పడితే రంగు చెడుతుంది, ధర పడిపోతుంది. అందువల్ల మబ్బు పట్టగానే ఎవరి రాశి ఎవరిదని చూడకుండా కప్పడం ఈ పంటతోపాటు పెరిగిన మర్యాద. 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు నిజామాబాద్ నుంచి పోటీకి నిలిచి మొత్తం అభ్యర్థుల సంఖ్య 185కు చేరినప్పుడు దేశం ఈ ఐక్యతను చూసి ఆశ్చర్యపడింది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులో ప్రారంభమైంది.

ఆ ఐక్యతకు గ్రామస్థాయిలో ఉన్న రూపం గ్రామాభివృద్ధి కమిటీ. చట్టబద్ధమైన పంచాయతీకి సమాంతరంగా ఇవి పనిచేస్తాయి. వేలంపాటలతో నిధులు కూడబెట్టి గుళ్లు, బళ్లు, రోడ్లు, తాగునీటి వసతులు ఏర్పాటు చేసిన కమిటీలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ప్రభుత్వంకోసం ఎదురుచూడని ఈ స్వయంసేవను తక్కువ చేయకూడదు. అదే కమిటీలు తమ మాట వినని కులాలమీద, కుటుంబాలమీద సాంఘిక బహిష్కరణ ప్రకటించిన ఉదంతాలు కూడా ఇక్కడివే. గీతకార్మికులు, దళితులు, ఇతర వృత్తికులాలవారు పోలీసులను, కోర్టులను ఆశ్రయించిన వార్తలు ఏటా వస్తున్నాయి. బహిష్కరణకు గురైనవారికి కిరాణా ఇవ్వకూడదు, ఆటో ఎక్కించకూడదు, కూలికి పిలవకూడదు, పోకూడదు. మాట్లాడినవారికి జరిమానా.

సేవ చేసే చేయి, వెలివేసే చేయి ఒకటే కావడం ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే అంశం. కుష్ఠు ఆసుపత్రికి విరాళమిచ్చిన కులంలోని గీతకార్మికులకు నూరేళ్ల తర్వాత అదే జిల్లాలో కొన్ని ఊళ్లు నీళ్లు బందు చేశాయి. ఊరికోసం పాటుపడటం, ఊరిలో అందరికోసం పాటుపడటం ఒకటి కావని దీనివల్ల తెలుస్తుంది. మొదటిది ఊరి హద్దును గట్టిపరుస్తుంది. రెండోది కొన్నిసార్లు ఆ హద్దును దాటవలసి వస్తుంది. పొరుగున ఉన్న మహారాష్ట్ర సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటిస్తూ 2016లో ప్రత్యేక చట్టం చేసింది. చట్టం అవసరమే. డిచ్‌పల్లి అనుభవం ప్రకారం చట్టం వచ్చేలోగా, వచ్చిన తర్వాత కూడా, ఎవరో ఒకరు వెళ్లి ముట్టుకోవాలి.

అటువంటివారు ఈ ఊళ్లలో లేరని అనుకోలేం. చీకటిపడ్డాక పాలు పోసినవారు, పక్క ఊరి దుకాణంలో తమ పేరుమీద సరుకులు కొని ఇచ్చినవారు, మబ్బు పట్టినప్పుడు నిషేధం ఉన్నవాడి పసుపుమీద కప్పు లాగినవారు ఉంటారు. వారికి పతకాలు రావు, శిలాఫలకాలు లేవు. దొరికిపోయిన రోజున కమిటీ వేసే జరిమానాలో, ఆ జరిమానామీద పోలీసుస్టేషనులో ఇచ్చిన ఫిర్యాదు కాగితంలో మాత్రం వారు చేసిన పని నమోదవుతుంది. ఈ ప్రాంతంలో దయకు చరిత్ర రాయబోయే పరిశోధకులు మొదట ఆ కాగితాలను వెతకాలి.